బ్రూక్‌లాండ్స్: ఒక పందెపు బాట కథ

లండను నగరమునుండి నైరృతి దిశగా సుమారు 20 మైళ్ళు పోయినచో సర్రే జిల్లాలో వేబ్రిడ్జి అను పట్టణము కలదు. ఆ పట్టణపు శివారున చెట్ల నడుమ ఒక విచిత్రమైన కట్టడము కానవచ్చును. గోడ యందుమా, అది నిటారుగా లేదు. నేల యందుమా, చదునుగా లేదు. నాచుపట్టి, బీటలువారి, ఆ బీటలలో గడ్డి మొలిచిన కాంక్రీటు పలకలు ఏటవాలుగా రెండంతస్తుల ఎత్తునకు లేచి, కొంతదూరము వంపు తిరిగి, అకస్మాత్తుగా తెగిపోవును. ఎరుగనివాడు చూచినచో ఏదో ఆనకట్ట కట్టబోయి మధ్యలో మానివేసిరి కాబోలునని తలచును. అది ఆనకట్ట కాదు. మోటారు పందెములకొరకే ప్రత్యేకముగా నిర్మింపబడిన ప్రపంచపు మొట్టమొదటి బాట అది. దాని పేరు బ్రూక్‌లాండ్స్.

కోటలను, దేవాలయములను, రాజుల కత్తులను కాపాడుకొనుట అందరికిని అర్థమగును. చమురు వాసనయు, చెవులు చిల్లులుపడు రొదయు, ఎగిరిపోవు ధూళియు తప్ప మరేమియు మిగలని మోటారు పందెమును వారసత్వమని భద్రపరచుట ఎట్లు? ఏది భద్రపరచవలెను? ఈ ప్రశ్నకు బ్రిటిషువారు నూరేండ్లుగా వెదకుకొనుచున్న సమాధానములలో కొన్నిటిని మేమీ ప్రసంగమున వివరింపబూనితిమి.

ముందుగా అసలు ఈ బాట ఎందుకు పుట్టినదో చెప్పవలెను. మోటారు కారు పుట్టిన తొలినాళ్ళలో బ్రిటను దేశపు చట్టములు దానికి సవతితల్లులు. 1865 నాటి చట్టము ప్రకారము యంత్రబలముతో నడచు బండి పల్లెలలో గంటకు 4 మైళ్ళు, పట్టణములలో 2 మైళ్ళు మించరాదు. దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని కాలినడకను పోవలెను. 1896లో ఆ వేగపు హద్దు 14 మైళ్ళకు, 1903 నాటి చట్టముతో 20 మైళ్ళకు పెరిగెను. ఈలోగా ఫ్రెంచివారు 1895లోనే పారిస్ నుండి బోర్డో వరకును, మరల బోర్డో నుండి పారిస్ వరకును బహిరంగమైన రహదారులపై 700 మైళ్ళకు పైగా పందెము నడిపియుండిరి. 1902లో సెల్విన్ ఎడ్జ్ అను ఆంగ్లేయుడు నేపియర్ కారుపై గోర్డన్ బెనెట్ కప్పు గెలిచెను. గెలిచిన దేశమే మరుసటి సంవత్సరము పందెమునకు ఆతిథ్యమీయవలెనని నియమము. ఇంగ్లాండు రోడ్లపై పందెము నేరము. తుదకు ప్రత్యేక చట్టమొకటి చేసి 1903 పందెమును ఐర్లండులో జరిపిరి. ఆ ఆతిథ్యమునకు కృతజ్ఞతగా బ్రిటిషు కార్లకు ఆకుపచ్చ రంగు వేసిరనియు, నాటినుండి ఆకుపచ్చ ఆ దేశపు పందెపు రంగైనదనియు చెప్పుదురు. స్వదేశమున స్థలము దొరకనందున ఇతరులు తోడ్పడగా పుట్టిన రంగు జాతీయచిహ్నమగుట కొంత నవ్వు పుట్టించు సంగతియే.

వేబ్రిడ్జి దగ్గర హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి ఉండెను. ఆయన ఇటలీలో ఒక పందెము చూడబోయి, అందు బ్రిటిషు కారొక్కటియు లేకుండుట గమనించి విచారపడెనందురు. రోడ్లపై పరీక్షించుటకు వీలులేనప్పుడు మంచి కార్లు ఎట్లు తయారగును? ఆయన తన సొంత భూమిలో, తన సొంత ధనముతో బాట వేయ నిశ్చయించెను. పొలములు, అడవి, వే నది పాయ, అన్నియు ఆ బాట క్రిందికి వచ్చెను. నదిపై వంతెన వేసి దానిమీదుగా బాటను నడిపిరి. బాట చుట్టుకొలత రెండుముప్పావు మైళ్ళు, వెడల్పు 100 అడుగులు. మలుపుల వద్ద వేగము తగ్గింపనక్కరలేకుండ బాటను పళ్ళెపు అంచువలె సుమారు 29 అడుగుల ఎత్తునకు వాల్చి కట్టిరి. కారు వేగము పెరిగినకొలది ఆ వాలుమీద పైపైకి ప్రాకును. తగ్గినకొలది క్రిందికి దిగును. తొమ్మిది నెలలలో ఇంత పని అయినది. ఖర్చు మాత్రము తలచినదానిని ఎన్నో రెట్లు మించి 1,50,000 పౌన్లకు చేరెను. లాక్ కింగ్ ఆరోగ్యము చెడగా, ఆయన భార్య ఎథెల్ పనులు చూచుకొని, తన పుట్టింటివారి సాయముతో అప్పులు సర్దెను. 1907 జూన్ 17వ తేదీన బాట తెరచిననాడు ముందు నడచిన కారును నడిపినది ఆమెయే.

ఆ తరువాత పదునొకండు దినములకే సెల్విన్ ఎడ్జ్ ఒక సాహసము చేసెను. ఒక రాత్రి, ఒక పగలు, మొత్తము 24 గంటలు ఒక్కడే కారు నడిపి గంటకు 60 మైళ్ళ సగటు వేగము సాధింతునని పంతము పట్టెను. రాత్రివేళ బాట అంచు తెలియుటకై ఎర్రలాంతర్లు వరుసగా అమర్చిరి. ఆయన 1,581 మైళ్ళు నడిపెను; సగటు 65 మైళ్ళకు పైబడెను. ఆ రాత్రి నిద్రలేనిది ఆయనకొక్కనికే కాదు, వేబ్రిడ్జి ఊరివారందరికిని. వారి మొరలవలన ఆ తరువాత రాత్రి పందెములు నిషిద్ధమయ్యెను. 1929లో ఫ్రాన్సు దేశపు 24 గంటల పందెమువంటిది తామును జరుపగోరినప్పుడు నిర్వాహకులు ఒక ఉపాయము పన్నిరి. పగలు 12 గంటలు పరుగు, రాత్రి కార్లకు తాళము, మరునాడు మరల 12 గంటలు పరుగు. ఎవరును రాత్రివేళ కారును తాకరాదు. ఆ పందెమునకు ‘డబుల్ ట్వెల్వ్’ అని పేరు.

మోటారు పందెములు ఎట్లు నడుపవలెనో తొలుత ఎవరికిని తెలియదు. తెలిసినవి గుర్రపు పందెములు. కనుక కార్లకు అంకెలు లేవు. గుర్రపు రౌతులవలె చోదకులు రంగురంగుల చొక్కాలు ధరించిరి. ఆ చొక్కాలు గాలిలో రెపరెపలాడుటయే కాక ఎవరు ఎవరో ప్రేక్షకులకు తెలియనీయలేదు. అంకెలు పిదప వచ్చినవి. బలహీనమైన కారును ముందు వదలి, బలమైన కారును తరువాత వదలు పద్ధతియు గుర్రములనుండి వచ్చినదే. మోటారు పందెము వినగానే మనము పూర్తిగా నూతనయుగపు వస్తువని తలతుము. దాని పునాదులలో పాతకాలపు గుర్రపు డెక్కల చప్పుడు వినబడుచున్నది.

1913 ఫిబ్రవరి 15న పెర్సీ లాంబర్ట్ అను యువకుడు టాల్బట్ కారుపై ఒక్క గంటలో 103 మైళ్ళకు పైగా నడిపెను. గంటలో నూరు మైళ్ళు దాటిన మొదటివాడతడు. ఆ రికార్డును మరొకరు దాటగా, దానిని తిరిగి గెలుచుకొనబోయి అదే సంవత్సరము అక్టోబరు 31న అదే బాటపై మరణించెను. పెండ్లి నిశ్చయమై యుండెననియు, ఇదియే తుది ప్రయత్నమని వధువునకు మాట ఇచ్చియుండెననియు చెప్పుకొందురు. ఆయన దయ్యమై ఆ బాటపై తిరుగుచున్నాడను కథయు ఆ ఊర కలదు. దయ్యముల కథలను మేము ప్రమాణముగా గ్రహింపము గాని, ఒక స్థలమునకు జ్ఞాపకశక్తి కలదనుటకు ఇట్టి కథలు గుర్తులు.

స్త్రీల సంగతి ఇచట విడువరాదు. 1908లో స్త్రీలకు ప్రత్యేకముగా జరిగిన పందెమున మ్యూరియల్ థాంప్సన్ గెలిచెను. వెంటనే నిర్వాహకులకు భయము పుట్టెను కాబోలు, మరల చాలకాలము స్త్రీలను పందెములకు రానీయలేదు. 1930 తరువాత నిలువున ఐదడుగులైనను లేని కే పెట్రీ అను వనిత పదిన్నర లీటర్ల డెలాజ్ కారును ఆ బాటపై గంటకు 134 మైళ్ళకు పైగా నడిపెను. 1935లో గ్వెండా హాక్స్ 135 మైళ్ళు దాటించెను. తొలినాడు బాటను తెరచినది ఒక స్త్రీ. కొలది కాలమునకే స్త్రీలకు దాని తలుపు మూసిరి! చరిత్ర భద్రపరచువారు విజయములతోపాటు ఇట్టి చిన్నతనములను కూడ వ్రాసియుంచుట న్యాయము. ఇప్పటి మ్యూజియమువారు ఆ పని చేయుచున్నారు.

1926 ఆగస్టు 7న బ్రిటను దేశపు మొదటి గ్రాండ్ ప్రి ఇచటనే జరిగెను. గెలిచినది ఫ్రెంచి డెలాజ్ కారు. నడిపినవారు సెనెషాల్, వాగ్నర్ అను ఇరువురు ఫ్రెంచివారు. కారుకు ఇరువురేల? ఇంజను నుండి పొగగొట్టము చోదకుని కాళ్ళ ప్రక్కగా పోవుటచే లోపల నిలువరాని వేడి. ఒకరి పాదములు కాలగానే మరొకరు ఎక్కవలసివచ్చెను. దిగినవారు నీళ్ళతొట్టెలో కాళ్ళు ముంచి కూర్చుండిరి.

1935 అక్టోబరు 7న జాన్ కాబ్ అను భారీకాయుడు నేపియర్ రెయిల్టన్ కారుపై చుట్టును గంటకు 143.44 మైళ్ళ వేగముతో ముగించెను. ఆ కారులో ఉన్నది విమానపు ఇంజను, 24 లీటర్లది. బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే. కాంక్రీటు ఎగుడుదిగుడులపై, ముఖ్యముగా నది వంతెన దాటుచోట, ఆ బరువైన కారు నాలుగు చక్రములతో గాలిలోనికి లేచెడిది. ఆ రికార్డు నేటికిని చెక్కుచెదరలేదు. ఇకముందును చెదరదు. ఏలయన ఆ బాటపై చుట్టు తిరుగుటకు ఇక చుట్టే లేదు.

బాట తెగిపోయిన విధమును ఇక చెప్పవలెను. పందెపు బాట నడుమనున్న మైదానము మొదటినుండియు విమానములకు ఆటపట్టు. 1908 ప్రాంతమున ఏ. వి. రో తన తొలి ప్రయత్నములు చేసినది అక్కడనే. పిదప వికర్స్, హాకర్ సంస్థలు అచట విమానములు తయారుచేసెను. హరికేన్ యుద్ధవిమానము 1935 నవంబరు 6న మొదటిసారి గాలిలోనికి లేచినది బ్రూక్‌లాండ్స్ నుండియే. 1939 ఆగస్టున చివరి పందెము జరిగెను. సెప్టెంబరున యుద్ధము వచ్చెను. కర్మాగారములు విస్తరించెను. శత్రువిమానములకు ఆనవాలు తెలియకుండుటకై తెల్లని కాంక్రీటు బాటకు రంగులు పూసిరి, చెట్లు నాటిరి. రాకపోకలకు అడ్డమైనచోట వాలుమలుపును పగులగొట్టిరి. పందెములు ముగియు తిన్నని బాటమీదనే 1940లో విమానములకొరకు ఒక పెద్ద షెడ్డు వేసిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 4న జర్మను బాంబులు ఆ కర్మాగారముపై పడి 80 మందికి పైగా పనివారు మరణించిరి.

యుద్ధము ముగిసినపుడు బాటను బాగుచేసి పందెములు మరల జరుపుదురని అభిమానులు ఆశపడిరి. 1946లో బాట యజమానులు స్థలమంతయు వికర్స్ సంస్థకు 3,30,000 పౌన్లకు అమ్మివేసిరి. అభిమానుల దుఃఖమునకు మేరలేదు. ఇక్కడ మా అభిప్రాయము చెప్పవలెను. దీనిని కేవలము ద్రోహమని కొందరు వ్రాసిరి. యుద్ధమున దేశమును కాపాడిన యంత్రములు తయారైనచోట, యుద్ధానంతరము వేలమందికి కూడుపెట్టిన కర్మాగారము నిలుచుట ద్రోహమెట్లగును? ఆ కర్మాగారము లేనిచో పందెపు బాట మిగిలెడిదేమో. కాని ఏ దేశమునకు మిగిలెడిది? ఒక వారసత్వమును చెరపినది మరొక వారసత్వమే. బ్రూక్‌లాండ్స్ కథలోని అసలు చిక్కు ఇదియే.

ఇరువది ఏండ్లు ఎవరును ఏమియు చేయలేదు. చెట్లు పెరిగెను, కాంక్రీటు పగిలెను. 1967లో పాత చోదకులు, మెకానిక్కులు, అభిమానులు కూడి బ్రూక్‌లాండ్స్ సొసైటీ స్థాపించిరి. వారికి ధనము లేదు, స్థలముపై హక్కు లేదు. ఉన్నవి జ్ఞాపకములు, గొడ్డళ్ళు. కర్మాగారమువారి అనుమతితో వాలుమలుపులపై మొలిచిన చెట్లను, పొదలను నరికి కాంక్రీటును వెలుగులోనికి తెచ్చిరి. 1980 తరువాత కర్మాగారము మూతబడు దశకు రాగా, స్థలములో కొంతభాగము మ్యూజియమునకు లభించెను. 1991లో మ్యూజియము ప్రజలకు పూర్తిగా తెరువబడెను. 1907 నాటి క్లబ్బు భవనము, వాలుమలుపులలో ఒక భాగము, కార్ల బ్రేకులను ఇంజనులను పరీక్షించుటకై 1909లో కట్టిన నిట్టనిలువు గుట్టబాట, అన్నియు అందులో చేరినవి. మిగిలిన బాటకు పురాతన కట్టడములకు గల చట్టరక్షణ లభించినది. కాబ్ నడిపిన నేపియర్ రెయిల్టన్ కూడ దేశములు తిరిగి తిరిగి, 1997లో తన పుట్టినింటికి చేరెను.

తరువాత అతికఠినమైన ప్రశ్న ఎదురయ్యెను. తిన్ననిబాటపై 1940లో వేసిన షెడ్డును ఏమి చేయవలెను? పందెముల అభిమానులకు అది గుండెపై బండరాయి. విమానముల అభిమానులకు అది పవిత్రస్థలము. పడగొట్టినచో యుద్ధచరిత్ర పోవును. ఉంచినచో పందెపు బాట ఎప్పటికిని కానరాదు. చివరకు వారు షెడ్డును విప్పి, ప్రక్కకు జరిపి, మరల నిలబెట్టిరి. 2017 నవంబరునాటికి ఆ పని పూర్తియయ్యెను. షెడ్డులో విమానములు తయారుచేయు విధమును నేడు చూపుచున్నారు. దాని క్రిందనుండి బయటపడిన బాటపై పాతకార్లు మరల నడచుచున్నవి. రెండు పక్షములవారును ఒకే రొట్టెను పంచుకొనిరి గాని, ఎవరి ముక్కయు చిన్నది కాలేదు. ఆ మ్యూజియములోనే ఒక వెల్లింగ్టను బాంబరు కలదు. అచటనే తయారై, 1940 చివర స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సులో పడి మునిగిపోయి, 1985లో పైకి తీయబడినది. జాన్ కాబ్ నీటిపై వేగపు రికార్డుకై ప్రయత్నించుచు 1952లో మరణించినదియు ఆ సరస్సునందే.

బాట సంగతి ఇట్లుండగా కార్ల సంగతి ఇంకను చిక్కైనది. రాయి నిలిచియుండును, యంత్రము అట్లు కాదు. పందెపు కారు పందెము పందెమునకు మారును. ఇంజను మార్చెదరు, చట్రము మార్చెదరు, ప్రమాదమైన పిదప శరీరమంతయు మార్చెదరు. అన్నియు మారినను అది ఆ కారేనా? ఈ ప్రశ్న 1990లో లండను న్యాయస్థానమునకు పోయెను. 1929లోను, 1930లోను ఫ్రాన్సులోని లమాన్స్ 24 గంటల పందెము గెలిచిన బెంట్లీ కారు ‘ఓల్డ్ నంబర్ వన్’. 1932 సెప్టెంబరున అది బ్రూక్‌లాండ్స్ వాలుమలుపు అంచు దాటి పడిపోగా, నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. ఆ శిథిలములనుండి మరల కారు కట్టిరి. తరువాత ఎంతో కాలమునకు దానిని కోటి పౌన్లకు కొనుటకు ఒప్పందమైనది. కొనదలచినవారు, ఇందులో 1929 నాటి లోహమెంత, ఇది ఆ కారే కాదు పొమ్మనిరి. న్యాయమూర్తి ఆటన్ దీర్ఘముగా విచారించి తీర్పు చెప్పెను. ఆ కారు ఎన్నడును ఒక్కసారిగా నశించి దాని స్థానమున మరొకటి రాలేదు. క్రమక్రమముగా మారుచు వచ్చినది. కావున ఆ పేరునకు అదియే హక్కుగలది. మొదటి రూపమున ఉన్నదని మాత్రము ఎవరును చెప్పరాదు. జీవనదికి ఒకేనీరు ఉండదు గదా! మన గోదావరిని నిన్నటి నీరు లేదని వేరొక నదియనము. ఆ తీర్పు మాకు సమ్మతమే గాని, దానిలో ఒక అపాయము కలదు. పేరు నిలుచునన్న ధైర్యమున నిజమైన పాతభాగములను తీసి పారవేయువారు ఉందురు. ఏ భాగము ఎన్నడు మారినదో వ్రాసియుంచని కారునకు మెరుగెంత పెట్టినను చరిత్ర లేదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ మరియొకటి కలదు. బ్రూక్‌లాండ్స్ బాట నడుమనే ఇల్లు కట్టుకొని, అచటనే కార్లు నిర్మించుచు జీవించిన పారీ థామస్ అను వేల్సు దేశపు ఇంజనీరు ఉండెను. 27 లీటర్ల విమానపు ఇంజను గల పాత కారునొకదానిని 125 పౌన్లకు కొని, సవరించి, దానికి ‘బాబ్స్’ అని ముద్దుపేరు పెట్టెను. 1926 ఏప్రిలులో వేల్సులోని పెండైన్ ఇసుకతీరమున గంటకు 171 మైళ్ళు నడిపి నేలపై ప్రపంచ వేగపు రికార్డు సాధించెను. 1927లో ఆ రికార్డును మాల్కం క్యాంబెల్ దాటగా, మార్చి 3వ తేదీన మరల ప్రయత్నించుచు, కారు తల్లక్రిందులై మరణించెను. ఆయన దేహమును బ్రూక్‌లాండ్స్ సమీపమున బైఫ్లీట్ గ్రామపు చర్చి ఆవరణలో సమాధి చేసిరి. కారును ఆ పెండైన్ తీరముననే ఇసుకలో పాతిపెట్టిరి.

నలుబది రెండేండ్లు గడచెను. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను ఇంజనీరింగు ఉపాధ్యాయుడు అనుమతులు సంపాదించి ఆ కారును త్రవ్వి తీసెను. సమాధిని త్రవ్వుట తగునా అను శంక కొందరికి కలుగుట సహజము. ఆ శంకను మేము తేలికగా త్రోసివేయము. మిత్రుని మరణమునకు కారణమైన యంత్రము ఇక ఎవరి కంటను పడరాదని పాతిపెట్టినవారి మనస్సునకు కూడ గౌరవము ఉండవలెను. అయినను ఉప్పుగాలికి, తడి ఇసుకకు అది కొలదికాలములో ఇనుపతుక్కుగా మారెడిది. ఓవెన్ దానిని ఏండ్ల తరబడి తన చేతులతో బాగుచేసి మరల నడిపించెను. అందువలన మరొక మేలును కలిగినది. చక్రమును త్రిప్పు గొలుసు తెగి చోదకుని తలకు తగిలెనని లోకము నలుబదేండ్లు నమ్మెను. కారును పరిశీలించినవారు ఆ కథను శంకించిరి. పాతిపెట్టినంతకాలము ఆ విచారణకు అవకాశమే లేదు.

ఒక్కని ప్రేమపై నిలిచిన వారసత్వమునకు ఆయుస్సెంత? టామ్ వీట్‌క్రాఫ్ట్ అను గృహనిర్మాణ వ్యాపారి డోనింగ్టన్ పార్కు అను పాత పందెపు బాటను కొని, 1973లో అచట గ్రాండ్ ప్రి కార్ల మ్యూజియము తెరచెను. 1977లో బాటపై పందెములు పునరుద్ధరించెను. 1937, 1938 సంవత్సరములలో జర్మను కార్లు గర్జించిన బాట అది. యుద్ధమున సైన్యపు వాహనముల నిల్వస్థలమైనది. ఆయన 2009లో మరణించెను. 2018 నవంబరులో మ్యూజియము మూతబడెను. ఒక్కచోట కూడిన కార్లు మరల చెదరిపోయెను. బ్రూక్‌లాండ్స్‌నకు ఆ గతి పట్టకుండుటకు కారణము అది ఒక ధర్మకర్తల సంస్థ చేతిలో ఉండుటయే. బూలీ గ్రామమున మాంటేగ్యూ ప్రభువు 1952లో తండ్రి జ్ఞాపకార్థము తన ఇంటి ముందరి హాలులో ఐదు కార్లతో ఆరంభించిన ప్రదర్శన నేడు జాతీయ మోటారు మ్యూజియముగా నిలిచియుండుటకును అట్టి ఏర్పాటే మూలము.

పందెమును పందెముగానే భద్రపరచువారును కలరు. వుస్టర్ జిల్లాలోని షెల్స్‌లీ వాల్ష్ కొండబాటపై 1905 నుండి అదే దారిలో, యుద్ధకాలములు మినహా, పోటీలు జరుగుచున్నవి. పొడవు 1,000 గజములు మాత్రమే. గుడ్‌వుడ్ అనుచోట యుద్ధకాలపు విమానాశ్రయము చుట్టునున్న దారిని 1948 సెప్టెంబరు 18న పందెపు బాటగా తెరచిరి, 1966లో మూసిరి, సరిగా ఏబదేండ్లకు, 1998లో అదే తేదీన మరల తెరచిరి. అచట నడచునవి ఆ నాటి తరహా కార్లు మాత్రమే. చూడవచ్చువారును ఆనాటి దుస్తులలో వత్తురు. ఇది ఉత్సవమా, నాటకమా అని అడుగువారు ఉన్నారు. రెండును అనియే మా సమాధానము. మూగబోయిన ఇంజనును గాజుపెట్టెలో చూచుటకును, అది గొంతెత్తగా వినుటకును గల భేదము రేడియో వినువారికి మేము చెప్పనక్కరలేదు.

యుద్ధము బ్రూక్‌లాండ్స్ బాటను విమానములకు ఇచ్చివేసినది. యుద్ధము ముగియగానే విమానములు వదలిపోయిన దారులు పందెములకు దక్కినవి. గుడ్‌వుడ్ అట్టిదే. 1950 మే 13న ప్రపంచ ఛాంపియన్‌షిప్పు మొదటి పందెము జరిగిన సిల్వర్‌స్టన్ అట్టిదే. మన చేరువనే మరొకటి కలదు. నెల్లూరునుండి మద్రాసు పోవు రహదారిపై, నగరము ఇంక కొలది మైళ్ళున్నదనగా షోళవరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచట వేసిన విమానపు దారిపై, 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు ఏండ్లతరబడి పందెములు జరిపిరి. నెల్లూరు ప్రాంతములనుండి బస్సులలో పోయి చూచివచ్చుట కష్టమైన ప్రయాణము కాదు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో క్లబ్బునకు సొంతబాట ఏర్పడగా పందెములు అటు తరలెను.

బ్రూక్‌లాండ్స్ సొసైటీవారు 1967లో పని ఆరంభించినపుడు చివరి పందెము జరిగి ఇరువది ఎనిమిది ఏండ్లే అయినది. నడిపినవారు, టైర్లు మార్చినవారు, టిక్కెట్లు చింపినవారు బ్రదికియే యుండిరి. వారిచే చెప్పించుకొని వ్రాసికొనిరి. 1939లో తండ్రి భుజముపై కూర్చుండి చూచిన ఐదేండ్ల బాలుడు నేడు తొంబది ఏండ్లు దాటినవాడు. షోళవరమున పందెములు మానినది 1990 ప్రాంతమున. అచట తొలి పందెములు చూచిన యువకులు ఇప్పుడు తాతలు, ముత్తాతలు. వారు తీయించుకొన్న ఛాయాచిత్రములు ఎన్ని ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్నవో! చిత్రము వెనుక ఏ సంవత్సరము, ఏ కారు, ప్రక్కన నిలిచిన మెకానిక్కు పేరేమి అని పెన్సిలుతో వ్రాయించుకొనుటకు ఇంక చాలకాలము లేదు. చోదకుని పేరు ఎక్కడనో ఒకచోట అచ్చైయుండును. మెకానిక్కు పేరు మాత్రము ఆ వ్రాతలోనే ఉండును.